ఇత్తడి మోత విను నాయనా

నాయనా,

మొన్న వీడియో కాల్లో నీ గ్యారేజీలో డబ్బాడు కాల్చేసిన 9 ఎంఎం తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు, అయ్యే నువ్వనే కేసులు, చూపించినావే, అప్పట్నించీ అవే కళ్ళ ముందు తిరగతా ఉండాయి. టెక్సాస్‌లో ఆ కేసుల్లో మళ్ళీ మందేసి తూటాలు ఇంట్లో నింపుకోవచ్చు అన్నావు, సరే కాదన్ను. ఇక్కడైతే లైసెన్సు లేకుండా చేస్తే జైలే. కానీ "ఏడెనిమిది సార్లు వాడినా బానే ఉండాయి నాన్నా" అన్నావు చూడు, ఆ మాటకే ఈ ఉత్తరం.

కందుకూరులో ముప్పయ్యేళ్ళు బిందెలకి మాట్లేసినోణ్ణి, తుపాకీ తెలీదు గానీ ఇత్తడి తెలుసు. మీ కేసుల్లో 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకంట. సుత్తి దెబ్బ పడేకొద్దీ ఇత్తడి బిరుసెక్కుద్ది, అందుకే మధ్యమధ్యలో కాల్చి మెత్తబరిచి మళ్ళీ కొడతాం. నీ కేసు పేలినప్పుడల్లా ఉబ్బుద్ది, నువ్వు డైలో, అదే కొలతకి తెచ్చే ఉక్కు అచ్చులో, పెట్టి నొక్కుతావు, మూతి వెడల్పు చేసి బుల్లెట్ పెట్టి మళ్ళీ బిగిస్తావు, అదంతా సుత్తి దెబ్బల లెక్కే, ముందు మూతి కాడ చిట్లుద్ది. అట్టని మన కొలిమి తెలివి ఆడ చూపించబాక, అడుగు వేడికి మెత్తబడిందంటే ఒత్తిడికి ఆగదు.

చిన్నప్పుడు కొట్లో నేర్పినా గుర్తుందా, బిందెని వేలి కణుపుతో కొడితే మంచిదైతే ఖంగుమని సాగుద్ది, నెర్రె ఉంటే బొద్దుమని ఆణ్ణే చచ్చిపోద్ది. ఓ పది కేసులు గుప్పిట్లో ఏసుకుని ఆడించు, చిట్లింది ఒక్కటున్నా మోతలో తేడా తెలిసిపోద్ది. తర్వాత లైటు కింద ఒక్కోటీ తిప్పి చూడు. మూతి చిట్లితే పారెయ్, పోయేదేం లేదు. అడుగున అంచు పైన ఉబ్బుగానీ పగులుగానీ కనపడితే అదీ భయం, ఆడ తెగితే మంట నీ మొహం కల్లే వస్తది. బిందెకైతే మాటేస్తా, దీనికి మాటు లేదు.

అమ్మోనియా ఉన్న పాలిష్ వాడబాక. తెల్లోళ్ళ కాలంలో మనదేశంలోనే వానాకాలం గుర్రపుశాలల్లో పెట్టిన తూటాలు ఊరికే పగిలిపోయేయంట, గుర్రాల ఉచ్చలోంచి లేచే అమ్మోనియాకి. ఇంకోటి, కేసులు తోమే మిషను దుమ్ములో ప్రైమర్, అదే తూటా అడుగున నిప్పు రాజేసే మందు, దాని సీసం ఉంటది, బుడ్డోణ్ణి ఆ ఛాయలకి రానీబాక, చేతులు కడుక్కోకుండా వాణ్ణి ఎత్తుకోబాక.

సంక్రాంతికి బయల్దేరేముందు బ్యాగులు, కోటు జేబులు దులుపుకో, ఖాళీ కేసు దొరికినా ఎయిర్‌పోర్టులో కూచోబెట్టేస్తారు. మీ అమ్మకి ఇదంతా చెప్పలా, నువ్వేదో ఇత్తడి సామాను తోముతున్నావనే అనుకుంటా ఉంది.

మీ నాన్న