అలైంగికతకు చికిత్స దేనికి?

సంపాదకుల వారికి,

ఎవరి పట్లా లైంగిక ఆకర్షణ కలగని, అంటే అలైంగికులైన, మనుషులున్నారని చెబితే, చాలామంది వెంటనే అడిగేది డాక్టరుకు చూపించారా అనే. ఆ తర్వాత వినిపించేది “పెళ్లయితే అదే సర్దుకుంటుంది” అన్న మాట, అదేదో జ్వరమైనట్టు. బ్రహ్మచర్యం మనిషి ఎంచుకొని పాటించే నియమం; అలైంగికత అలాంటిది కాదు, స్వలింగ, భిన్నలింగ, ద్విలింగ ఆకర్షణల మాదిరిగా అదీ ఒక లైంగిక ధోరణి.

ఇది ఈనాటి పోకడ కూడా కాదు. మనుషుల లైంగిక ప్రవర్తనను అధ్యయనం చేసిన అమెరికాలోని కిన్సీ బృందం 1953 నాటి నివేదికలోనే, స్వలింగ, భిన్నలింగ ఆకర్షణలను కొలిచే తమ కొలమానంలో ఇమడని వారికి ‘ఎక్స్’ అనే వర్గాన్ని కేటాయించింది. బ్రిటన్‌లో 18 వేల మందికి పైగా ఇచ్చిన జవాబులను పరిశోధకుడు ఆంథొనీ బోగార్ట్ విశ్లేషించి 2004లో ప్రచురించిన పరిశోధనలో సుమారు 1 శాతం మంది ఈ కోవలోకి వచ్చారు. అమెరికా మనోవైద్యులు మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే గ్రంథం, 2013 నాటి డీఎస్ఎం-5 సైతం, తనను అలైంగిక వ్యక్తిగా గుర్తించుకున్నవారికి లైంగిక కోరిక లోపమనే రోగనిర్ధారణ చేయరాదని పేర్కొంది.

వీరిలో ప్రేమించేవారు, తోడు కోరుకునేవారు, భాగస్వామి చేయి పట్టుకుని గంటలకొద్దీ కబుర్లు చెప్పుకోవడంలోనే నిండుదనం పొందేవారు ఎందరో ఉన్నారు. ప్రేమ బంధమే అక్కర్లేనివారూ ఉన్నారు. హార్మోన్ల పరీక్షలు మామూలుగానే వచ్చినా, మళ్లీ అవే పరీక్షలు రాయించుకుని తిరగవలసి రావడమే వారికి అసలు బాధ. ఇదివరకున్న కోరిక హఠాత్తుగా తగ్గి ఇబ్బంది పడేవారి సంగతి వేరు, వారికి వైద్య సలహా అవసరమే. మీ ఆరోగ్య శీర్షికలో జవాబులిచ్చే నిపుణులు ఈ రెండింటినీ విడదీసి చెప్పాలని మనవి.

— ఒక పాఠకురాలు