ఆయమ్మకు కూడా చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో సంతోషంగా ఉండటం ఎలాగో చెబుతూ వచ్చిన వ్యాసం చదివాను. పడుకోబోయే ముందు ఆ రోజు జరిగిన మంచి సంగతులు మూడు పుస్తకంలో రాసుకోమన్నారు. సలహా మంచిదే. అమెరికాలో ఎమన్స్, మెక్‌కలో అనే సైకాలజిస్టులు 2003లో ప్రచురించిన పరిశోధన గురించీ రాశారు. కాలేజీ పిల్లల్లో కొందరి చేత తమకు జరిగిన మేళ్ళను, కొందరి చేత తమను విసిగించిన వాటిని వారానికోసారి చొప్పున 10 వారాలు రాయిస్తే, మేళ్ళు రాసినవాళ్ళే జీవితం మీద ఎక్కువ తృప్తిగా ఉన్నారట.

అయితే అదే కోవలోని ఇంకో ముఖ్యమైన సంగతి మీ వ్యాసంలో లేదు. 2005లో మార్టిన్ సెలిగ్‌మన్ అనే అమెరికా సైకాలజిస్టు బృందం కొందరికి ఒక పని అప్పజెప్పింది. మీకు మేలు చేసినా మీరు ఎన్నడూ సరిగ్గా కృతజ్ఞత చెప్పుకోని మనిషికి ఉత్తరం రాయండి, స్వయంగా వెళ్ళి ఇచ్చి రండి అని. వాళ్ళు పరీక్షించిన పద్ధతులన్నిటిలో అప్పటికప్పుడు ఎక్కువ సంతోషాన్నిచ్చింది ఇదే. నెల తర్వాత కూడా ఆ గుణం కనిపించింది, మూడు నెలలకు పోయింది. పోతే పోనివ్వండి, ఇంకొకరి దగ్గరికి వెళ్ళొచ్చు. మనం రుణపడినవాళ్ళకు కరువా?

నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. డిశ్చార్జి రోజు వార్డులో సందడి మీకు చెప్పాలి. డాక్టరుగారికి దండాలు, కాజాల డబ్బా. మాకు "వెళ్ళొస్తాం సిస్టర్". రాత్రంతా బెడ్‌పాన్లు తీసి, తడిసిన దుప్పట్లు మార్చి, స్ట్రెచర్ తోసిన ఆయమ్మ అప్పటికే డ్యూటీ దిగి వెళ్ళిపోయి ఉంటుంది. ఆవిడ ఊసే ఎవరికీ రాదు. ఆయాలు డబ్బులు అడుగుతారని పేరుంది, అందరూ కాదు గానీ అడిగేవాళ్ళు లేరని నేననను. అడగనివాళ్ళనైనా ఎవరు పట్టించుకున్నారు?

ఒక్కసారి మాత్రం ఉప్పాడ వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, కొడుకును మధ్యాహ్నమే డిశ్చార్జి చేసినా వార్డు గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఏమ్మా, బస్సు లేదా అంటే, "రాత్రి ఆయమ్మ రావాలి" అంది. నైట్ డ్యూటీకి ఆవిడ రాగానే లేచి చెయ్యి పట్టుకుంది. "మావోడు కక్కుకుంటే మొకం చిట్లించకుండా తుడిసావు. నేను పడుకున్నాననుకున్నావు, సూత్తానే ఉన్నాను" అని, ఓ కాగితం పొట్లం చేతిలో పెట్టింది. ఎండు నెత్తళ్ళు! వార్డంతా వాసన. హెడ్ సిస్టర్ కేకలేసింది. ఆయమ్మ మాత్రం ఆ రాత్రంతా కూనిరాగం తీస్తూనే పని చేసింది. ఆ తర్వాత కొత్తగా డ్యూటీలో చేరిన ప్రతి పిల్లకీ ఆ నెత్తళ్ళ కథ చెప్పేది. ఆ తల్లి ఉత్త "నీ మేలు మర్చిపోను" అని వెళ్ళిపోయి ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదేమో. ఏం చేసిందో చూసి, అదే చెప్పింది.

మన గోదావరి జిల్లాల వాళ్ళకు కృతజ్ఞత ఒకరు నేర్పక్కర్లేదు. 1852లో ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొరకు ఇప్పటికీ మే 15న ధవళేశ్వరంలో దండలు వేస్తాం. గోదావరిలో తర్పణాలు వదిలేటప్పుడు ఆయన పేరు తలచుకునేవాళ్ళూ ఉన్నారు. చాలా గొప్ప సంగతే. కానీ వానలో అర్ధరాత్రి గొడుగేసుకుని వెళ్ళి కాలవ షట్టర్లు ఎత్తే లస్కర్‌కు ఎవరైనా ఓ కప్పు టీ ఇప్పించారా? దూరాన ఉన్న పెద్దవాళ్ళను తలచుకోవడం సులువు. దగ్గరున్న చిన్న ఉద్యోగే కంటికి ఆనడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ కృతజ్ఞత పాఠం తరచూ చెప్పకూడని వాళ్ళకు చెబుతుంటారు. 2023 డిసెంబరు చివర్లో మున్సిపల్ కార్మికులు సమ్మె చేసి, వీధుల్లో చెత్త పేరుకుపోయినప్పుడు, మా పక్కింటాయన "నెలనెలా జీతం వస్తోంది కదా, సంతోషపడాలి గానీ" అన్నారు. ఆయన రోజూ పొద్దున్నే యోగా చేసి, డైరీ రాసుకునే మనిషి! కృతజ్ఞత మేలు పొందినవాడికి ఉండాలి. మేలు చేసినవాడిని ఉన్నదాంతో సర్దుకోమనడం పెత్తనం.

2020 మార్చి 22 సాయంత్రం కరోనాలో పనిచేసే మాలాంటి వాళ్ళ కోసం అందరూ చప్పట్లు కొట్టినప్పుడు నేనింకా సర్వీసులోనే ఉన్నాను. బాగానే అనిపించింది, అబద్ధం ఎందుకు. కానీ ఆ తర్వాత కొద్దిరోజులకే మాతో పనిచేసే అమ్మాయిని ఇంటి ఓనరు ఖాళీ చేసెయ్యమన్నాడు. చప్పట్లు కొట్టిన వాళ్ళలో ఆయనా ఉన్నాడని ఆ పిల్లే చెప్పింది. పాత్రలు తోమే మనిషికి ఒకటో తారీఖున అడిగించుకోకుండా జీతం ఇవ్వడం, ఆవిడకు జ్వరమొస్తే ఆ రోజు డబ్బు కొయ్యకపోవడం, ఇవన్నీ కృతజ్ఞతలోకే వస్తాయని నా అభిప్రాయం. ఇవేమీ లేకుండా డైరీ ఎంత అందంగా రాసుకుంటే మాత్రం ఏం లాభం?

అందుకే నాదో విన్నపం. ఉత్తరాల పేజీలో వారానికోసారి మూలన రెండంగుళాల జాగా ఇవ్వండి. ఎవరు, ఏం చేశారు, అంతే. కవిత్వాలు వద్దు. అచ్చయిన రోజు, రాసినవాళ్ళే ఆ పేపరు పట్టుకెళ్ళి ఆ మనిషికి చదివి వినిపించాలని షరతు పెట్టండి.

మొదటిది నేను పంపిస్తాను. మా ఆయన మంచాన పడి ఉన్నన్నాళ్ళూ మా వీధి చెత్తబండి ఆవిడ, డైపర్ల సంచిని గేటు దగ్గర కుక్కలు లాగకుండా రోజూ ముందు మా ఇంటికే వచ్చి తీసుకెళ్ళేది. నేను అడగలేదు, తనే వేళ మార్చుకుంది. ఈ మాట ఆవిడతో చెప్పి, పేపర్లో వెయ్యమంటాను, నీకు ఇష్టమేనా అని అడిగాను. పేరుతో సహా వెయ్యమంది. ఫొటో కూడా కావాలంటోంది, అది మీ వీలు.

– ఓ రిటైర్డ్ స్టాఫ్ నర్సు, కాకినాడ