కోల్మాలో పేరులేని సమాధులు

సంపాదకులకు నమస్కారం.

శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థిరపడిన తొలితరం కతోలికులను, ముఖ్యంగా ఐర్లండ్ నుంచి వలస వచ్చినవారిని, 1860లో ప్రారంభమైన కల్వరి శ్మశానవాటికలో ఖననం చేసేవారు. నగరం 1901 నుంచి తన హద్దుల్లో కొత్త ఖననాలను నిషేధించింది. 1937లో ఓటర్లు అప్పటికే ఉన్న సమాధులను సైతం తొలగించడానికి ఆమోదం తెలపడంతో, 1940-41లో కల్వరిలోని అస్థికలను నగరానికి దక్షిణాన ఉన్న కోల్మా పట్టణంలోని హోలీ క్రాస్ శ్మశానవాటికకు తరలించి, చాలావరకు ఒకేచోట పూడ్చారు. అక్కడి ఫలకం 39,307 మంది అని లెక్క చెబుతుందే తప్ప ఒక్క పేరూ చెప్పదు. అడిగేవారు లేని సమాధిరాళ్ల గతి మరీ దారుణం. నగరంలోని పాత శ్మశానాల నుంచి తీసిన రాళ్లను పగలగొట్టి బ్యూనా విస్టా పార్కులో వాననీటి కాలువలకు పరిచారు. కొన్నింటిపై చెక్కిన అక్షరాలు నేటికీ కనిపిస్తాయి.

నగరానికి జాగా కావాలి, కాదనను. కానీ పేర్లను చెరిపేయడం ఏ అవసరం కోసం? తాతముత్తాతల సమాధులు గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఉండిపోయిన ఇక్కడి తెలుగు కతోలికులు, నవంబర్ 2న సమాధుల పండుగకు హోలీ క్రాస్‌కు వెళ్లి కొవ్వొత్తులు వెలిగించాలని, ఖనన రిజిస్టర్లలో దొరికినన్ని పేర్లనైనా ఆ స్థలంలో చెక్కించమని శాన్‌ఫ్రాన్సిస్కో కతోలిక అగ్రపీఠాన్ని కోరాలని నా విన్నపం.

– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా