కళ్ళజోడు సంగతి, బల్బుల సంగతి

కాకినాడ,
ఆదివారం

ఒరేయ్ శేషూ,

నీ ఉత్తరం చదివాను. నీటికాసులని, అదే గ్లాకోమా అని తేల్చేసరికి బెంగ పడ్డావని తెలుస్తూనే ఉంది, నాలుగు పేజీల్లో ఒక్క వెటకారం లేదు. చివర్న అడిగావు చూడు, ఏ కళ్ళజోడు కొంటే ఇది ఆగుతుందీ అని. ఏ జోడు కొన్నా ఆగదురా. ఆపేవి చుక్కలు, లేజరు, అవసరమైతే ఆపరేషను. జోడు వల్ల అయ్యేదల్లా మిగిలి ఉన్న చూపుని పూర్తిగా వాడుకోవడమే. అందులోనూ సగం పని జోడుది కాదు, ఇంట్లో దీపాలది. పాతికవేలు పోసి ఫ్రేము కొంటానన్నావుగా, అందులోంచి ఓ మూడు నాలుగు వేలు తీసి ముందు బల్బులకి పెట్టు. జీవితమంతా కరెంటాఫీసులో పనిచేసినవాడు ఇంకేం చెప్తాడులే అని నవ్వుకుంటావు. నవ్వుకో. ఈ జబ్బుతో కాపురం చేస్తున్నవాడిగా కూడా చెప్తున్నా.

ఎందుకంటే, కళ్ళజోడు చేసేది బొమ్మని కంటి వెనక తెర మీద స్పష్టంగా పడేలా చూడటం. నీటికాసుల్లో చెడేది ఆ తెర నుంచి మెదడుకి వెళ్ళే నరం. స్తంభం మీద తీగ తెగితే ఇంట్లో బల్బు మార్చి ఏం లాభం చెప్పు? చత్వారానికీ, దూరపు చూపుకీ ఎవరి పవర్ వాళ్ళకి ఎలాగూ కావాలి, అది వేరే లెక్క. పవర్ పెంచితే పోయిన పక్కచూపు మాత్రం తిరిగిరాదు.

ఇంకో తమాషా ఏంటంటే, గోడ మీది అక్షరాలన్నీ గడగడా చదివేస్తావు, 6/6, అంటే చూపు మామూలుగానే ఉందని రాసిస్తారు. ఇంటికొచ్చాక సాయంత్రం దీపాలు పెట్టే వేళకి గుమ్మం ముందు చెప్పులు కనపడవు. ఆ బోర్డు మీద తెల్లటి దాంట్లో నల్లటి అక్షరాలు, మంచి వెలుతురు, ఎదురుగా చూపు. అక్కడ పాసవడం తేలికే. మనకి ముందు తగ్గేది పక్కచూపు, దాంతోపాటు దగ్గర దగ్గర రంగుల మధ్య తేడా పట్టుకునే శక్తి. బూడిదరంగు మెట్టు పక్కన బూడిదరంగు మెట్టుంటే రెండూ కలిసి ఒక ర్యాంపులా ఉంటాయి. పైగా కంటి ముందు నల్లటి మచ్చేదో వస్తుందనుకుంటారు అందరూ. మచ్చా లేదు, పాడూ లేదు. ఒక కంటికి అందనిది రెండోది చూస్తుంది, అదీ చూడకపోతే మెదడు తనకి తోచింది పూరించేస్తుంది. రోడ్డు ఖాళీగానే ఉంటుంది, అంతలో పక్కనుంచి బైకు ఊడిపడుతుంది. అందుకే నిన్ను స్కూటరు గురించి అడగబోతున్నాను, అది తర్వాత.

ముందు జోడు. శుక్లాల ఆపరేషన్ కూడా దగ్గర్లోనే ఉందన్నావుగా, అయితే ఖరీదైన అద్దాలు ఇప్పుడు వేయించకు, ఆపరేషనయ్యాక పవర్ మారిపోతుంది. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేసి పరీక్ష చేసిన రోజున కూడా పవర్ తీయించుకోకు.

షాపులో కుర్రాడు నిన్ను చూడగానే ప్రోగ్రెసివ్ తీసుకోండి సార్, లైను కనపడదు, వయసు తెలీదు అంటాడు. నీ వయసు నీ బట్టతల చెప్తూనే ఉంది, దాని సంగతి అద్దానికెందుకు? ప్రోగ్రెసివ్‌లో పైన దూరం, కింద దగ్గర, మధ్యలో సన్నటి దారి. ఆ దారికి అటూ ఇటూ బొమ్మ వంకర్లు పోతుంది. పక్కచూపు బాగున్నవాడు నాల్రోజుల్లో అలవాటు పడతాడు. ఉన్న కాస్త పక్కచూపుని కూడా చెరిపేసుకోవడం మనకెందుకు? ఒకే అద్దంలో పైన దూరం ముక్క, కింద దగ్గర ముక్క ఉండే బైఫోకల్‌కి ఇంకో పేచీ ఉంది. మెట్లు దిగేటప్పుడు కిందకి చూస్తే, చదువుకోవడానికి పెట్టిన ముక్కలోంచి చూస్తావు, మెట్టు అలుక్కుపోతుంది. నీ ఫీల్డ్ టెస్ట్, అంటే చుట్టూ చూపు ఎంతవరకు ఉందో కొలిచే పరీక్ష, ఆ కాగితంలో కింది సగం నల్లగా ఉంటే ఇది మరీ ప్రమాదం. నా మాట వింటే రెండు జోళ్ళు చేయించుకో, నడవడానికి దూరపుది ఒకటి, చదవడానికి దగ్గరది ఒకటి. మార్చుకోవడం చిరాకే. చదివే జోడు మెళ్ళో తాడు కట్టి వేలాడేసుకో, రిటైరైన హెడ్‌మాస్టర్లా ఉంటావు, చెల్లెమ్మ కూడా కాస్త భయపడుతుంది.

ఫ్రేము కాడలు సన్నగా ఉండాలి. ఇప్పుడు వేలెడు వెడల్పు ప్లాస్టిక్ కాడలు ఫ్యాషనట, అవి గుర్రానికి గంతలు కట్టినట్టు పక్క నుంచి వచ్చేదాన్ని కప్పేస్తాయి. అద్దం మరీ చిన్నదొద్దు. రెప్పలకి ఆనేంత దగ్గరగానూ వద్దు. లాటనోప్రోస్ట్, బైమాటోప్రోస్ట్ లాంటి చుక్కలు వేసేవాళ్ళకి కనురెప్పల వెంట్రుకలు పొడుగ్గా, ఒత్తుగా పెరుగుతాయి. నీకూ అదే చుక్క రాశారన్నావు, చూస్తూ ఉండు, కొన్నాళ్ళకి హీరోయిన్ రెప్పలొస్తాయి. అవి అద్దానికి రాసుకుని జిడ్డు మరకలు పెడతాయి. ఆ మరకల్లోంచి వెలుతురు చెదిరి ఇంకా కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి. ముక్కు దగ్గర ప్యాడ్లు సర్దించుకుంటే సరిపోతుంది. పంచె కొంగుతో పొడిగా తుడిచే అలవాటు కూడా మానెయ్యి, దుమ్ముతో అద్దం గీతలు పడుతుంది. నీళ్ళు పోసి కడిగి, మెత్తటి గుడ్డతో అద్దు.

యాంటీ గ్లేర్ పూతకి డబ్బులు పెట్టొచ్చు. దీపం బొమ్మలు అద్దం మీద మెరవకుండా చూస్తుంది. ఎండ తగ్గించడం మాత్రం దాని పని కాదు. నీలి వెలుతురుని ఆపుతుందని అమ్మే బ్లూ కట్‌కి మన జబ్బుతో ఏ సంబంధమూ లేదు, ఆ డబ్బుతో పూతరేకులు కొనుక్కో. ఎండలో నల్లబడి నీడలో తెల్లబడే ఫోటోక్రోమిక్ అద్దాలున్నాయే, అవి మన ఎండలకి సరిగ్గా రావు. వేడి ఎక్కువైతే అవి పూర్తిగా నల్లబడవు, మనకి కావలసిందేమో మే నెలలో. కారులో ముందద్దం అతినీలలోహిత కిరణాల్ని ఆపేస్తుంది కాబట్టి అక్కడా అంతంత మాత్రమే. పైగా చీకటి దుకాణంలోకి అడుగుపెట్టాక తెల్లబడటానికి నిమిషాలు పడుతుంది. అసలే మన కన్ను చీకటికి అలవాటు పడటంలో నిదానం, ఆ మీదట అద్దం కూడా నిదానమైతే ఇంకేముంది.

ఎండకి వేరే చలవద్దాలు పెట్టుకో. ఉన్న జోడు మీదే తొడుక్కునేవి దొరుకుతాయి, శుక్లాల ఆపరేషనయ్యాక ఇచ్చే నల్లద్దాల మోడల్, కాస్త మెరుగ్గా. పక్కలనుంచి వచ్చే ఎండని కూడా ఆపుతాయి. యూవీ 400 అని రాసి ఉండాలి, అతినీలలోహిత కిరణాల్ని ఆపుతుందని దానర్థం. రంగంటావా, బూడిదరంగులో వస్తువుల రంగులు ఉన్నవున్నట్టు ఉంటాయి, గోధుమరంగులో గతుకులూ మెట్లూ తేటగా కనిపిస్తాయి. నాకు గోధుమే పడింది. దుకాణం మెట్ల మీద నిలబడి పెట్టుకు చూడు, లోపల ఏసీలో కాదు. పోలరైజ్డ్ అద్దాలు తడి రోడ్డు మీది మెరుపుని భలే చంపుతాయి, కాకపోతే ఫోను ఒక వైపు తిప్పితే నల్లగా అయిపోతుంది, పాడైందని పారేసేవు. నాకైతే వీటన్నిటికన్నా వెడల్పు అంచున్న టోపీయే ఎక్కువ పనికొచ్చింది. గుళ్ళోకి వెళ్ళేటప్పుడు మాత్రం మండపంలోనే చలవద్దాలు తీసేసి ఓ రెండు నిమిషాలు నిలబడు, ఆ తర్వాత గర్భగుడి వైపు నడు. సినిమాకైతే లైట్లు తీసేలోపే వెళ్ళి కూర్చో.

రాత్రి బండి నడపడానికి పసుపు అద్దాలని అమ్ముతారు. రాత్రి అసలే వెలుతురు తక్కువ, అందులో ఏ రంగద్దం పెట్టినా ఇంకొంత తగ్గుతుంది. అసలు రాత్రిపూట స్కూటరెందుకురా నీకు? పగలు నడపొచ్చా లేదా అన్నది కూడా రెండు కళ్ళూ కలిపి ఫీల్డ్ చూపించుకుని డాక్టరుతోనే తేల్చుకో.

ఇప్పుడు నా సబ్జెక్టు. అరవై ఏళ్ళవాడి కంట్లో లోపలి తెరకి చేరే వెలుతురు, ఇరవై ఏళ్ళవాడికి చేరేదాంట్లో ఇంచుమించు మూడో వంతు. అది జబ్బు లేనివాడి సంగతి. అంచేత మీ కోడలు చాలనుకున్న వెలుతురు నీకు చాలదు. అలాగని హాలు నడిమధ్య ఒక పెద్ద బల్బు వేలాడదీస్తే అది కళ్ళలో పొడుస్తుంది. మనకి వెలుతురు ఎక్కువ కావాలి, కానీ దీపం కంటికి కనపడకూడదు. ఒక గోడకి ఒక ట్యూబు బదులు ఎదురెదురు గోడలకి రెండు పెట్టించు. పాలరంగు కప్పున్నవే తీసుకో. బల్బు కొనేటప్పుడు వాట్లు చూడకు, డబ్బా మీద ల్యూమెన్లు చూడు, బల్బు ఇచ్చే వెలుతురు కొలత అదే. పాత 60 వాట్ల బల్బు ఇచ్చే 800 ల్యూమెన్లు ఇప్పుడు 9 వాట్ల ఎల్ఈడీ ఇస్తుంది. కూల్ డేలైట్ అని 6500 కెల్విన్‌వి, అంటే నీలం ఛాయ తెలుపువి, అమ్ముతారు, మన ఇళ్ళలో ఎక్కువ అవే. కొందరికవి పడతాయి, నాకు మాత్రం తెల్లగోడల మీద అవి కళ్ళు చెదరగొట్టాయి. 4000 కెల్విన్‌ది, న్యూట్రల్ వైట్ అంటారు, ఒకటి తెచ్చి చూసుకో. సీఆర్ఐ అంటే రంగుల్ని ఎంత ఉన్నవున్నట్టు చూపిస్తుందో చెప్పే అంకె, అది 90 ఉంటే ఇంకా మంచిది, మాత్రల రంగులు పోల్చుకోవచ్చు.

చదవడానికి మెడ వంచే దీపం ఒకటి కావాలి. చిన్న దీపమైతే దూరం సగం చేసేసరికి పేజీ మీద వెలుతురు దాదాపు నాలుగు రెట్లవుతుంది, కాబట్టి పెద్ద బల్బు కొనే బదులు ఉన్నదాన్ని దగ్గరకి లాక్కో. నువ్వు ఎడమచేత్తో రాస్తావు కాబట్టి కుడిపక్కన పెట్టు, లేకపోతే నీ చెయ్యి నీడ నీ అక్షరాల మీదే పడుతుంది. గది దీపం కూడా వెలుగుతూ ఉండాలి. చీకట్లో ఒక్క పేజీనే వెలిగిస్తే, తల ఎత్తిన ప్రతిసారీ చీకటి గోతిలోకి చూసినట్టే. టీవీ కూడా అంతే. పగలు కిటికీకి ఎదురుగా కూర్చోకు, పక్కగా కూర్చో.

రాత్రి బాత్రూంకి వెళ్ళే దారిలో, మోకాలి ఎత్తున, మనిషి అలికిడికి వెలిగే చిన్న దీపాలు పెట్టించు. కరెంటు పోయినా వెలిగేలా ఇన్వర్టరు లైను మీద వేయించు, ఎలక్ట్రీషియన్‌కి ఈ ముక్క గట్టిగా చెప్పాలి, లేకపోతే మర్చిపోతాడు.

మన ఇళ్ళలో గడపకి పసుపు రాసేవాళ్ళు గుర్తుందా? మా పాత ఇంట్లో నేనిప్పటికీ దేన్నీ తన్నుకోనిది ఆ ఒక్క గడప దగ్గరే. మీ అబ్బాయి ఫ్లాటులో అంతా తెల్ల టైల్సేగా. మెట్ల అంచులకి పసుపు టేపు వేయించు, కోడలు అందం పోతుందంటే కాలు విరిగితే ఇంకా పోతుందని చెప్పు. తెల్లటి బాత్రూంలో ఎర్ర బకెట్టు, నీలం మగ్గు. పెరుగన్నం తెల్ల పళ్ళెంలో వద్దు, ముదురు రంగుది తీసుకో, విస్తరాకైతే మరీ మంచిది. మజ్జిగ స్టీలు గ్లాసులో పోస్తే ఎంతవరకు వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు, మా ఆవిడ నా కోసం నీలం గ్లాసు పెట్టింది.

నువ్వుండేది హైదరాబాదే కాబట్టి ఒకసారి ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తగ్గినవాళ్ళ కోసం ఉన్న విభాగానికి వెళ్ళు. ఫిల్టర్ అద్దాలూ దీపాలూ నీ కంటికే పెట్టి చూపిస్తారు, నా రాతల కంటే అది నయం.

డాక్టర్ని ఇంకో సంగతి అడగాలి, నీది కంట్లో నీరు బయటికి పోయే మూల తెరిచే ఉండే రకమా (ఓపెన్ యాంగిల్ అంటారు), మూసుకుపోయే రకమా అని. రెండోదైతే జలుబు మాత్రలు కూడా అడక్కుండా మింగకూడదు. శీర్షాసనం మాత్రం ఏ రకమైనా మానెయ్యాల్సిందే, తలకిందులైతే కంట్లో ప్రెషర్ ఇట్టే పెరుగుతుంది, ఆ నరానికి అదే చేటు. నీ యోగా గురువు ఏమన్నా సరే. మీ తమ్ముడిని కూడా ఒకసారి కళ్ళు చూపించుకోమను, తోబుట్టువులకి వచ్చే అవకాశం ఎక్కువ. వాడు నా మాట వినడు, నీ మాటా వినడు, చెల్లెమ్మ చేత చెప్పించు.

నీ పవర్ చీటీ, ఫీల్డ్ టెస్ట్ కాగితం ఫోటో తీసి పంపు. హాలు కొలతలు కూడా రాయి, ఎన్ని ట్యూబులు పడతాయో లెక్కకట్టి పంపిస్తాను.

నీ
సూరి