మీ యాప్‌లో ఆటిజం స్క్రీనింగ్ స్కోరు తప్పుగా లెక్కిస్తున్నారు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: పిల్లల ఎదుగుదల యాప్‌లోని 'ఇంట్లోనే ఆటిజం నిర్ధారణ' విభాగంపై ఫిర్యాదు

అయ్యా / అమ్మా,

మీ యాప్‌లో ఆటిజం ప్రశ్నావళికి మార్కులు వేసే పద్ధతి తప్పుగా ఉంది. దానివల్ల ఆటిజం లక్షణాలున్న పిల్లలకు 'అంతా బాగుంది' అని రిపోర్టు వస్తోంది. ఏ ఇబ్బందీ లేని పిల్లల అమ్మానాన్నలకేమో లేనిపోని టెన్షన్ పట్టుకుంటోంది. రెండింటికీ మూలం ఒకే తప్పు. ఈ సంగతి మీ చాట్‌లో చెబితే 'మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు' అని జవాబొచ్చింది. కూడిక తప్పని చెబితే అది అభిప్రాయం ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

మా బాబుకి ఏడాదిన్నర వయసులో మీ ప్రశ్నలకు జవాబులిచ్చాను. స్కోరు 2 అని, పచ్చ రంగులో 'మీ బిడ్డకు ఆటిజం లేదు, మళ్లీ పరీక్షించాల్సిన అవసరం లేదు' అని వచ్చింది. రిపోర్టు దాచుకున్నాం. రెండేళ్ల చెకప్‌లో డాక్టరు గారికి చూపిస్తే, ఆవిడ స్కోరు వదిలేసి జవాబుల పేజీ అడిగారు. అవే జవాబులు, పెన్ను పట్టుకుని మళ్లీ లెక్కేశారు. 5 వచ్చింది.

నా ఉద్యోగమే లెక్కలు సరిచూడటం. ఇంటికొచ్చాక ఒక్కో ప్రశ్నా పక్కపక్కన పెట్టుకుని చూశాను.

మీ యాప్ 'ఎం-చాట్-ఆర్ ఆధారంగా' అని రాసుకుంది. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం తయారైన ప్రశ్నావళి అది. మొదటి రూపం 2001లో వచ్చింది, సవరించిన రూపాన్ని 2014లో ప్రచురించారు. మొత్తం 20 ప్రశ్నలు, జవాబు అవును లేదా కాదు. ఎక్కువ ప్రశ్నల్లో 'కాదు' అంటే ఒక మార్కు పడుతుంది. పిలిస్తే పలుకుతాడా, మీరు నవ్వితే తిరిగి నవ్వుతాడా, మీరు చేసింది చూసి చేస్తాడా, ఇలాంటివి. కానీ 2, 5, 12 నంబరు ప్రశ్నలు తిరగబడి ఉంటాయి. బిడ్డకు చెవుడేమో అని మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా, కళ్ల దగ్గర వేళ్లు వింతగా ఆడిస్తాడా, ఇంట్లో మామూలుగా వినిపించే చప్పుళ్లకే బాగా ఇబ్బంది పడతాడా అనేవి ఆ మూడు. వీటికి 'అవును' అంటేనే మార్కు పడాలి. ఫారంలోనే ఈ సంగతి విడిగా రాసి ఉంటుంది.

మీ యాప్ ఇరవైటికీ ఒకటే సూత్రం వాడింది. 'అవును' అంటే మంచిది, 'కాదు' అంటే మార్కు. మా బాబు విషయంలో ఆ మూడిటికీ నేను 'అవును' అన్నాను. మూడు మార్కులు పడాల్సిన చోట సున్నా పడింది. మిగతా రెండు మార్కులూ 7వ, 10వ ప్రశ్నలవి. ఆ రెండే మీ రిపోర్టులో మిగిలాయి.

2కీ 5కీ మధ్య ఎంత తేడా ఉందో మీ దగ్గర పనిచేసేవాళ్లకు తెలియకపోవచ్చు. 0 నుంచి 2 వస్తే తక్కువ రిస్క్. 3 నుంచి 7 మధ్యస్థం, అప్పుడు రెండో దశ ప్రశ్నలు అడగాలి. 8, ఆ పైన వస్తే రెండో దశ కూడా అక్కర్లేదు, నేరుగా నిపుణుల దగ్గరికి పంపాలి. అంటే మా వాడు రెండో దశకు వెళ్లాల్సినవాడు. మీరు ఇంటికి పంపించేశారు.

ఇప్పుడు దీన్నే అటు నుంచి చూడండి. ఏ సమస్యా లేని ఒక బిడ్డను తీసుకోండి. చెవుడేమో అన్న అనుమానం వాళ్లమ్మకు ఎప్పుడూ రాలేదు, వేళ్లు ఆడించడు, చప్పుళ్లకు బెదరడు. ఆవిడ నిజాయితీగా మూడిటికీ 'కాదు' అంటుంది. మీ యాప్ మూడు మార్కులు వేస్తుంది. మధ్యస్థ రిస్క్ మొదలయ్యేది సరిగ్గా 3 దగ్గరే! ఆ తల్లికి నారింజ రంగు రిపోర్టు, కిందే 'మా స్పెషల్ ప్రోగ్రాంలో చేరండి' అనే బటన్. ఇది కావాలని చేశారని నేను అనడం లేదు. కానీ బటన్ అక్కడ ఉండటం వల్ల ఆ అనుమానం ఎవరికైనా వస్తుంది.

ఒక్క కూడికతో ఫిర్యాదు అయిపోతే బాగుండేది.

రెండో దశ మీ యాప్‌లో అసలు లేదు. ఎం-చాట్-ఆర్ పక్కన 'ఎఫ్' (ఫాలో-అప్) అని ఉండేది దాని కోసమే. మార్కు పడిన ప్రతి ప్రశ్న మీదా మళ్లీ వివరంగా అడుగుతారు. పిలిస్తే పలకడు అన్నారు కదా, అప్పుడు ఏం చేస్తాడు, టీవీ ముందు ఉన్నప్పుడా, ఊరికే ఉన్నప్పుడు కూడానా, ఒక ఉదాహరణ చెప్పండి అని. ఆ మాటల్లో కొన్ని మార్కులు పోతాయి. అప్పటికీ 2 గానీ అంతకన్నా ఎక్కువ గానీ మిగిలితే నిపుణుల పరీక్షకు పంపుతారు. ఈ దశ తీసేస్తే మిగిలేది జల్లెడ కూడా కాదు. 2014లో ప్రచురించిన అధ్యయనం 16 వేలకు పైగా పిల్లల మీద జరిగింది. రెండు దశల్లోనూ నిలిచిన పిల్లల్లో ఆటిజం ఉందని తేలింది 47.5 శాతం మందికే. దాదాపు 95 శాతం మందికి మాత్రం ఎదుగుదలలో ఏదో ఒక ఆలస్యమో, పట్టించుకోవాల్సిన విషయమో కనబడింది. అంటే అన్ని దశలూ సరిగ్గా పాటించినా ప్రశ్నావళి చెప్పేది 'ఈ బిడ్డను నిపుణులు చూడాలి' అన్నంత వరకే. మీరేమో సగం ప్రశ్నావళితో, తప్పు లెక్కతో, '98 శాతం కచ్చితత్వం' అని ప్రకటన వేశారు. ఎవరి మీద పరీక్షించారు? పచ్చ రంగు వచ్చిన పిల్లల్ని ఆ తర్వాత ఎవరైనా వెళ్లి చూశారా? చూడకుండా ఆ శాతం ఎలా వచ్చిందో రాతపూర్వకంగా చెప్పండి.

7వ ప్రశ్న గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మా వాడిలో ముందు కనిపించాల్సింది అక్కడే. 6వ ప్రశ్న, కావలసిన వస్తువు కోసం వేలు చూపిస్తాడా అని. 7వది, తనకు బాగున్నదాన్ని మీకు కూడా చూపించాలని వేలు చూపిస్తాడా అని. పై అరలో ఉన్న బొమ్మ ఇవ్వమని అటు వేలు పెట్టడం వేరు. ఆకాశంలో విమానం కనబడితే 'అమ్మా, చూడు' అన్నట్టు వేలు పెట్టి, మీరు చూశారో లేదో అని మీ మొహంలోకి చూడటం వేరు. మొదటిదాంట్లో బిడ్డకు వస్తువు కావాలి. రెండోదాంట్లో అమ్మ కూడా చూడాలి, అంతే. మా వాడు మొదటిది బాగానే చేసేవాడు. రెండోది చేయలేదు. మీ యాప్‌లో ఈ రెండు ప్రశ్నల కిందా ఒకే యానిమేషన్ బొమ్మ పెట్టారు. పిల్లాడు పై అరలోని బొమ్మ వైపు వేలు చూపిస్తూ ఏడుస్తుంటాడు. నేను రాసింది చదివి జవాబిచ్చాను కాబట్టి 'కాదు' అన్నాను. బొమ్మ చూసి జవాబిచ్చేవాళ్లు రెండిటికీ 'అవును' అంటారు. పిల్లాణ్ణి చంకనేసుకుని ఫోన్ నొక్కే తల్లుల్లో రాసింది మొత్తం చదివేవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఆలోచించండి.

ఇంకొకటి, 'మళ్లీ పరీక్షించాల్సిన అవసరం లేదు' అన్న వాక్యం. ఇది ఎవరు రాశారో గానీ ఫారం చదవలేదు. స్కోరు నిజంగానే తక్కువ వచ్చినా, బిడ్డకు రెండేళ్లు నిండకపోతే, నిండాక మళ్లీ స్క్రీనింగ్ చేయాలని ఫారంలోనే ఉంది. అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ కూడా 18 నెలలకు ఒకసారి, 24 నెలలకు ఒకసారి చేయమంటుంది. కారణం ఉంది. కొంతమంది పిల్లలు అప్పటిదాకా వచ్చిన మాటల్ని, చేతి సైగల్ని రెండో ఏట పోగొట్టుకుంటారు. మొదటిసారి చూసినప్పుడు వాళ్లలో ఏమీ కనబడకపోవచ్చు. పై వయసుకు కూడా మీకు అడ్డు లేదు. పరీక్ష కోసం ఐదేళ్లని నొక్కి చూశాను, అవే ప్రశ్నలు అడిగి రిపోర్టు ఇచ్చేసింది.

'నిర్ధారణ' అన్న మాట మీ యాప్‌లో ఎక్కడా ఉండకూడదు. ఆటిజాన్ని తేల్చే రక్త పరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. జన్యు పరీక్షల్లో కొందరికి కారణం దొరకవచ్చు, అది వేరే విషయం. మానసిక, ఎదుగుదల సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ మార్గదర్శి పుస్తకం డీఎస్ఎం-5 (2013) ప్రకారం రెండు రకాల లక్షణాలు చూస్తారు. ఒకటి, నలుగురితో కలవడంలో, మాటల్లో, సైగల్లో ఇబ్బంది. రెండోది, చేసిందే చేయడం, కొన్ని విషయాల మీదే పట్టు, చప్పుళ్లూ స్పర్శ లాంటివాటికి మరీ ఎక్కువగానో తక్కువగానో స్పందించడం. ఇవి చిన్నప్పటి నుంచీ ఉన్నాయా, రోజువారీ జీవితానికి అడ్డం వస్తున్నాయా అని బిడ్డను చూసి, తల్లిదండ్రులతో మాట్లాడి తేలుస్తారు. మా వాడికి ముందు వినికిడి పరీక్ష చేశారు. చెవులు బాగానే ఉన్నాయి. తర్వాత పిల్లల ఎదుగుదల నిపుణురాలు నేల మీద కూర్చుని వాడితో ఆడుతూ చూశారు. బుడగలు ఊది ఆపేశారు, ఇంకా కావాలని ఎలా అడుగుతాడో చూడటానికి. వాడు ఆవిడ మొహం వైపు చూడలేదు, చెయ్యి పట్టుకుని సీసా మీద పెట్టాడు. మా ఇంటి కబుర్లన్నీ అడిగారు. ఇన్ని చేశాక గానీ ఆటిజం అని చెప్పలేదు. స్పీచ్ థెరపీకి మాత్రం, పేరు పెట్టేదాకా ఆగక్కర్లేదని, ముందే మొదలుపెట్టించారు.

ఈ పనికి సాఫ్ట్‌వేరే పనికిరాదని నేను అనడం లేదు. 2021లో అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఒక సాఫ్ట్‌వేర్‌కు అనుమతి ఇచ్చింది. 18 నెలల నుంచి ఐదేళ్ల వరకు పిల్లల కోసం. అందులోనూ తల్లిదండ్రుల జవాబులుంటాయి, కానీ వాటితో పాటు శిక్షణ పొందినవాళ్లు చూసిన వీడియోలు, డాక్టరు నింపే ప్రశ్నలు కూడా కావాలి. డాక్టరుకు సాయంగా వాడాలి తప్ప దానంతటదే నిర్ధారణ కాదని అనుమతిలోనే చెప్పారు. 425 మంది పిల్లల మీద పరీక్షించినప్పుడు అది అవుననో కాదనో చెప్పింది సుమారు 32 శాతం మందికే. మిగతావాళ్ల విషయంలో తేల్చలేనంది. తేలనప్పుడు తేలలేదని చెప్పిన ఆ సాఫ్ట్‌వేర్‌ను నేను నమ్ముతాను. మీదాంట్లో ఆ మూడో జవాబే లేదు.

మీ లాయర్లు చెప్పబోయేది నాకు తెలుసు. షరతుల పేజీలో 'ఇది వైద్య సలహా కాదు' అని ఉంది. ప్రకటనలో 'నిర్ధారణ', షరతుల్లో 'సలహా కాదు'. పెద్దక్షరాల్లో అమ్మిందాన్ని చిన్నక్షరాల్లో వెనక్కి తీసుకుంటున్నారు. అసలు ఆ ప్రశ్నావళిని సాఫ్ట్‌వేర్‌లో పెట్టాలంటే తయారుచేసినవాళ్ల అనుమతి తీసుకోవాలి, ప్రశ్నల్నీ మార్కుల పద్ధతినీ మార్చకూడదు. మీకు అనుమతి ఉందా? ఉంటే ఆ పత్రం చూపించండి.

ఆరు నెలల ముందు థెరపీ మొదలై ఉంటే మా వాడికి ఇప్పటికి ఎన్ని మాటలు వచ్చేవో లెక్కకట్టి మీ నెత్తిన వేయను. అలాంటి లెక్క ఎవరూ వేయలేరు. కానీ ఆ ఆరు నెలలూ ఇంట్లో 'ఏదో తేడాగా ఉంది' అన్న ప్రతిసారీ మీ రిపోర్టు చూసుకుని ఊరుకున్నాం. వాళ్ల నాన్నమ్మ మొదటి నుంచీ డాక్టరుకి చూపించమంటూనే ఉంది. ఇరవై ప్రశ్నలు అడిగిన మీ కంపెనీ కన్నా ఆవిడే నయం.

నాకు కావలసింది ఇది. 2, 5, 12 ప్రశ్నల మార్కులు వెంటనే సరిచేయండి. అది పూర్తయ్యేదాకా ఆ విభాగాన్ని మూసేయండి. ఇప్పటిదాకా జవాబులిచ్చిన వాళ్లందరి స్కోర్లూ మళ్లీ లెక్కించి, మారిన ప్రతి కుటుంబానికీ మెసేజ్ పంపండి. జవాబులన్నీ మీ సర్వర్లో ఉన్నాయి కాబట్టి ఇది చేయలేమని అనకండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. నా డబ్బు గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. పచ్చ రంగు చూసుకుని ఇంకా ఇంట్లోనే ఆగిపోయినవాళ్లకు ఈ మెసేజ్ ముందు చేరాలి. రెండో దశ ప్రశ్నలు చేర్చండి, లేదా మధ్యస్థ స్కోరు వస్తే 'పిల్లల డాక్టరును కలవండి' అని మాత్రమే చూపించండి. తక్కువ స్కోరు వచ్చినా 'మీకు అనుమానం ఉంటే ఈ స్కోరుతో ఆగిపోకండి' అన్న ఒక్క వాక్యం పెట్టండి. 'నిర్ధారణ', '98 శాతం' తీసేయండి. ఈ విభాగాన్ని ఏ అర్హత ఉన్న డాక్టరు చూసి ఒప్పుకున్నారో చెప్పండి.

మా వాడి వీడియోలు, జవాబులు మీ దగ్గర నుంచి పూర్తిగా తొలగించి, తొలగించినట్టు రాసివ్వండి. అయితే స్కోరు తప్పు పడిన రికార్డు కాపీ ముందు నాకు పంపాకే ఆ పని చేయండి.

మీ రిపోర్టు, జవాబుల పేజీ, డాక్టరు గారు చేతితో లెక్కేసిన కాగితం, మీ ప్రకటన, చాట్‌లో మీరిచ్చిన జవాబు, వీటి కాపీలు జతచేశాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా సమాధానం రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఆ ప్రశ్నావళి తయారుచేసినవాళ్లకు కూడా ఒక కాపీ పంపిస్తాను.

ఇట్లు,
మీ యాప్ చందాదారు, ఒక పిల్లాడి తల్లి