మావయ్య వెళ్లిన రోజులు కావమ్మా ఇవి

అమ్మా,

మొన్న ఫోన్ మధ్యలో పెట్టేసింది కోపంతో కాదు, మీటింగ్ మొదలైంది. నువ్వన్న మాట మాత్రం నా బుర్రలోనే ఉంది: "మావయ్యకి రెండేళ్లకే గ్రీన్ కార్డు వచ్చింది, పన్నెండేళ్లుగా నువ్వేం చేస్తున్నావే?" ఫోన్‌లో చెబితే తెగదని రాస్తున్నాను.

1917 నుంచి 1946 దాకా మనవాళ్లు అమెరికాలో స్థిరపడటానికి దారే లేనట్టు. ఆ ఏడాది ఇచ్చిన కోటా కూడా సంవత్సరానికి 100 మందికే. 1965లో వచ్చిన ఇమిగ్రేషన్ చట్టంతో తలుపు తెరుచుకుంది. డాక్టర్లు, ఇంజినీర్లు కావాలన్నారు, మన దేశం నుంచి లైన్లో అప్పటికి జనం తక్కువ. మావయ్య అలా వచ్చినవాడే. జేబులో 8 డాలర్లతో దిగానని ఇప్పటికీ చెబుతాడుగా! ఆయన కష్టం డబ్బుది, కాగితాలది కాదు.

నేను వచ్చేసరికి కాగితాలే కష్టం. పనిచేయడానికి హెచ్‌-1బి వీసా ఉంది, 1990 చట్టంతో వచ్చింది. ఉండిపోవడానికి ఇచ్చే ఉద్యోగ గ్రీన్ కార్డుల్లో మాత్రం ఏ దేశానికైనా 7 శాతమే. మనకీ అంతే, చిన్న ఐస్‌లాండ్‌కీ అంతే, అందుకే మనవాళ్ల లైను కదలదు. ఇదేం లెక్కో!

నేను స్కూల్లో ఉండగా మావయ్య నీ గ్రీన్ కార్డు కోసం పిటిషన్ వేశాడు, గుర్తుందా? తోబుట్టువుల లైను మనవాళ్లకి ఇరవై ఏళ్ల దాకా సాగుతోంది. నీతోపాటు నేనూ వచ్చేయొచ్చని అప్పుడు సంబరపడ్డాం. పిల్లలకి 21 దాటితే ఆ లెక్కలోంచి తీసేస్తారట. నాకు ఎప్పుడో దాటింది.

సరే, మీ విజిటర్ వీసా. మావయ్య మద్రాసు దాకా వెళ్లాడు, 2008 నుంచి హైదరాబాద్‌లోనే కాన్సులేట్ ఉంది. సులువైంది అదొక్కటే. ఫారంలో "మీకోసం ఎవరైనా ఇమిగ్రేషన్ పిటిషన్ వేశారా" అని ఉంది, అవునని నింపాను. ఇంటర్వ్యూలో అడిగితే నువ్వూ అదే చెప్పు, దాచొద్దు. పదేళ్ల స్టాంపు పడితే పదేళ్లు ఉండొచ్చని నాన్న అనుకుంటున్నారు, కాదని చెప్పు. ఎన్నాళ్లు ఉండాలో ఇక్కడ దిగాక ఎయిర్‌పోర్టు ఆఫీసరు రాస్తాడు, మామూలుగా ఆరు నెలలు.

ఇంకొకటి. ఎందుకు వెళ్తున్నారంటే "మనవరాల్ని చూసుకోడానికి" అని నీ అలవాటులో అనేస్తావేమో. వాళ్లకది ఆయా పని కింద వినిపిస్తుంది. నువ్వొచ్చేది చూడ్డానికే. డే కేర్‌కి కట్టేశాను, పాప పగలంతా అక్కడే ఉంటుంది. నీతో పని చేయించను, ఒట్టు.

నీ
చిన్ని