సగటు బాగుంటే సరిపోతుందా?

ఎడిటర్ గారికి నమస్కారం,

కోవిడ్ టైంలో ఏ పేపర్ తెరిచినా కొత్త కేసులు ఇన్ని, కోలుకున్నవాళ్ళు ఇంతమంది, పోయినవాళ్ళు ఇంతమంది అని రోజూ ఒక బాక్స్ ఉండేది. జనం మనసులు ఎలా ఉన్నాయన్న లెక్క మాత్రం ఆ బాక్స్‌లోకి ఎప్పుడూ ఎక్కలేదు. ఇప్పుడేమో ఏ దేశం జనం ఎంత సంతోషంగా ఉన్నారో సర్వేలతో లెక్కగట్టే వరల్డ్ హ్యాపీనెస్ రిపోర్ట్, 2021ది చూపించి, అబ్బే జనం బాగానే తట్టుకున్నారండీ అని తేల్చేసేవాళ్ళు తయారయ్యారు. ఆ రిపోర్ట్‌లో అబద్ధమేం లేదు, మీ జీవితానికి పదికి ఎన్ని మార్కులు వేసుకుంటారు అని అడిగితే 2020లో కూడా ప్రపంచ సగటు పెద్దగా కదల్లేదు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) 2022 మార్చిలో ఏం చెప్పింది, మొదటి ఏడాదిలోనే యాంగ్జైటీ, డిప్రెషన్ ప్రపంచమంతటా 25 శాతం పెరిగాయని, దెబ్బ ఎక్కువగా తగిలింది ఆడవాళ్ళకి, కుర్రకారుకీ అని.

రెండూ ఎలా నిజమవుతాయి అంటే, సగటు అంటేనే ఒకడి ఏడుపుని ఇంకొకడి నవ్వుతో కొట్టేయడం కదా. వైరస్‌కి ఎక్కువ బలైంది పెద్దవాళ్ళే, అయినా ఆ హ్యాపీనెస్ రిపోర్ట్ సర్వేల్లో అరవై దాటినవాళ్ళు మా ఆరోగ్యం పర్లేదు అనే చెప్పారు. అదే టైంలో ఇరవై ఏళ్ళ పిల్లలు కెమెరా ఆఫ్ చేసుకుని ఆన్‌లైన్ క్లాసుల్లో పేరుకి మాత్రం ఉండి, ఉద్యోగం వస్తుందో రాదో తెలీక, ఫ్రెండ్స్ లేక గదిలో కూర్చున్నారు. జపాన్ చూడండి, అక్కడ 2020లో ఆత్మహత్యలు పదకొండేళ్ళలో మొదటిసారి పెరిగాయి, అదీ మగవాళ్ళలో తగ్గి ఆడవాళ్ళలో పెరిగాయి! మొత్తం అంకె ఒక్కటే చూస్తే ఇది తెలిసేదా? 2021 ఫిబ్రవరిలో వాళ్ళు ఒంటరితనం కోసమని ఏకంగా ఒక మంత్రినే పెట్టారు, మొదట్లో నాకూ నవ్వొచ్చింది గానీ కనీసం సమస్యకి ఒక పేరు పెట్టి ఒక మనిషిని బాధ్యుణ్ణి చేశారు.

మంచి కూడా జరిగింది, కాదనను. ముక్కూమొహం తెలీనివాళ్ళకి సాయం చేయడం, డబ్బులివ్వడం, స్వచ్ఛందంగా పనిచేయడం 2021లో కోవిడ్‌కి ముందు కంటే పావు వంతు దాకా పెరిగాయని 2022 హ్యాపీనెస్ రిపోర్టే చెప్పింది. 177 దేశాల మీద 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన స్టడీలో కూడా ప్రభుత్వం మీద, తోటి మనుషుల మీద నమ్మకం ఎక్కువున్న చోట ఇన్ఫెక్షన్లు తక్కువ అని తేలింది. అంటే జనం చేయాల్సింది చాలావరకు జనం చేశారు.

ప్రభుత్వాల సంగతే చెప్పుకోవాలి. 2020లో డబ్ల్యూహెచ్ఓ 130 దేశాల్ని అడిగితే 93 శాతం దేశాల్లో మానసిక వైద్య సేవలు ఏదో ఒక రకంగా ఆగిపోయాయో దెబ్బతిన్నాయో అయ్యాయి. మా కోవిడ్ ప్లాన్‌లో మానసిక ఆరోగ్యం ఉంది అని 89 శాతం దేశాలు గొప్పగా చెప్పుకున్నాయి, దానికి కావాల్సిన అదనపు డబ్బు పూర్తిగా ఇచ్చినవి మాత్రం 17 శాతమే. కాగితం మీద రాయడానికి ఖర్చేముంది లెండి.

2025 మేలో డబ్ల్యూహెచ్ఓ సభ్య దేశాలు కూర్చుని, ఇంకో మహమ్మారి వస్తే కలిసి ఎలా ఎదుర్కోవాలన్న పాండమిక్ ఒప్పందం ఆమోదించాయి, అప్పట్నుంచీ వార్తలన్నీ వ్యాక్సిన్ల వాటా గురించే. అదీ కావాలి, నేను వద్దనట్లేదు. మీ విలేకర్లు ఆరోగ్య శాఖ వాళ్ళని కలిసినప్పుడు ఇంకో ప్రశ్న కూడా అడగమనండి, ఈసారి మానసిక వైద్యానికి విడిగా ఎంత పెట్టారు, అందులో కుర్రకారుకి ఎంత అని. జవాబు రాకపోతే రాలేదనే అచ్చు వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు